గబ్బిలం మనుషులు: ఎగరాలా, కత్తి పట్టాలా?

ప్రశ్న: నా ఫాంటసీ కథలో గబ్బిలాల జాతి ఉంది. 40 కిలోల మనిషి ఎగిరాడంటే నమ్ముతారా? చేతులు రెక్కలైపోతే కత్తి ఎలా పట్టాలి?

జవాబు: నమ్మరండి. పెద్ద పండ్ల గబ్బిలం కిలో పైచిలుకు, రెక్కల చాపు మీటరున్నర. దాన్ని 3 రెట్లు పెంచితే రెక్కల వైశాల్యం 9 రెట్లే, బరువు మాత్రం 27 రెట్లు. అందుకే మీ గబ్బిలం మనిషి నేలమీంచి లేవలేడు, కొండచరియ మీంచి దూకి తేలాలి. ఊళ్లు నిట్టనిలువు గోడలకే కట్టండి.

ఇంకో జవాబు: కత్తి కాలికివ్వండి. వేలాడినప్పుడు కాలివేళ్ల స్నాయువు (కండను ఎముకకు కలిపే తాడులాంటిది) ఒంటి బరువుకే బిగుసుకుంటుంది, శ్రమ ఉండదు. ఒక కాలితో వేలాడి రెండో కాలితో పని. చేతి బొటనవేలు రెక్క అంచున విడిగానే ఉంటుంది, కొక్కెంలా వాడొచ్చు.

మరొకరు: చాలా గబ్బిలాలు కీచు శబ్దం చేసి, దాని ప్రతిధ్వనితో చుట్టూ ఏముందో తెలుసుకుంటాయి. అలా మైళ్ల దూరం తెలిసినట్టు చూపించకండి, ఆ కీచు శబ్దం గాలిలో తొందరగా అణగిపోతుంది. పురుగైతే కొన్ని మీటర్లలోనే తెలుస్తుంది. సిరా గీతకు ఎత్తుపల్లాలు ఉండవు కాబట్టి ప్రతిధ్వనికి అసలు ఆనదు. లిపి చెక్కిందే అవ్వాలి.

ప్రశ్న అడిగినవారు: అయితే గ్రంథాలయం రాతిపలకలదే! ఆ బరువు మోసుకుని ఎగరడం ఇక కుదరదు.