అలెగ్జాండ్రియా: అమ్మానాన్నలతో ఒక్కరోజులో చూసి రావచ్చా?

ప్రశ్న:
నమస్కారమండీ. జనవరిలో అమ్మానాన్నలను ఈజిప్టు తీసుకెళ్తున్నాను. పిరమిడ్లు, కైరో టూరు వాళ్లే చూపిస్తారు. ఆ తర్వాత రెండు రోజులు మా చేతిలో ఉంటాయి. నాన్నగారు బందరు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. అలెగ్జాండ్రియా చూడకుండా తిరిగి రానంటున్నారు. లైట్‌హౌస్, పాత లైబ్రరీ అని ఇప్పటినుంచే కాగితం మీద రాసుకుంటున్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. పైగా మేం శాకాహారులం. పొద్దున రైలెక్కి రాత్రికి కైరో వచ్చేస్తే సరిపోతుందా? ఏది ముందు చూడాలి, ఏది వదిలేయవచ్చు?

జవాబు 1:
మేం దోహా నుంచి రెండుసార్లు వెళ్లాం, రెండోసారి మా అత్తగారితో. మొదటిసారి మీరు అనుకున్నట్టే పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేశాం. రానూపోనూ ఐదారు గంటలు రైల్లోనే గడిచాయి, సముద్రం ఒడ్డునున్న ఖాయిత్‌బే కోట దగ్గరికి చేరేసరికి మూసేశారు. కాబట్టి దయచేసి ఒక రాత్రి అక్కడే ఉండండి. పెద్దవాళ్లతో అయితే మరీను.

ముందుగా నాన్నగారికి ఒక మాట చెప్పండి. ఆయన రాసుకున్న రెండూ ఇప్పుడు లేవు. లైట్‌హౌస్ వంద మీటర్లకు పైగా ఎత్తుండేది. భూకంపాలకు, ముఖ్యంగా 1303లో వచ్చిన దానికి బాగా దెబ్బతిని చివరికి కూలిపోయింది. ఆ చోటే సుల్తాను ఖాయిత్‌బే 1477లో కోట మొదలుపెట్టాడు. కోట పక్క సముద్రం అడుగున 1994 నుంచి డైవర్లు పెద్దపెద్ద రాళ్లు, విగ్రహాలు కనుగొన్నారు. పాత లైబ్రరీదైతే గోడ కూడా మిగల్లేదు. అదే అక్కడికెళ్లాక తెలిస్తే ఆయన మనసు చిన్నబుచ్చుకుంటారు. ముందే తెలిస్తే వెతకాల్సింది వేరే చోట ఉందని అర్థమవుతుంది.

ఆ వేరే చోటు పాంపే స్తంభం. పేరుకే రోమన్ సేనాని పాంపేది, నిజానికి రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ గౌరవార్థం నిలబెట్టింది. అస్వాన్ ఎర్రరాయి, పీఠంతో కలిపి సుమారు 27 మీటర్లు, నడిమి కంబం అంతా ఒకే రాయి. దాన్ని చూసి ఫోటో దిగి పది నిమిషాల్లో వచ్చేసేవాళ్లే ఎక్కువ, అది నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే అది నిలబడ్డది సెరాపిస్ దేవుడి ఆలయ ప్రాంగణంలో. పెద్ద లైబ్రరీకి పిల్ల లైబ్రరీ ఆ ఆలయంలోనే ఉండేదని పాతవాళ్లు రాశారు. ఆలయాన్ని క్రీ.శ. 391 ప్రాంతంలో కూల్చేశారు. పాత లైబ్రరీకి ఇవాళ మనిషి వెళ్లగలిగినంత దగ్గర అదే. నాన్నగారిని అక్కడ కాసేపు కూర్చోనివ్వండి.

అక్కడి నుంచి కొద్ది దూరంలోనే కోమ్ అల్ షొఖాఫా నేలమాళిగ సమాధులు. 1900లో ఒక గాడిద గుంటలో పడితే బయటపడ్డాయంటారు. నడిమధ్య పెద్ద బావిలాంటి గొయ్యి, దాని చుట్టూ తిరుగుతూ దిగే మెట్లు దాదాపు వంద. శవాలను తాళ్లతో ఆ గొయ్యిలోంచే దించేవాళ్లట. కింద బంధువులు వచ్చి భోజనాలు చేయడానికి రాతి అరుగులున్న గది ఉంది. మన వైపు పెద్దల తిథి భోజనాలు గుర్తొచ్చాయి నాకు. సమాధి గుమ్మం దగ్గర నక్క తల అనూబిస్ దేవుడు రోమన్ సైనికుడి వేషంలో ఉంటాడు. ఈజిప్టు, గ్రీకు, రోము ఒకే గోడ మీద కలిసిపోయిన ఆ బొమ్మ కోసమైనా నాన్నగారు దిగాలి. అమ్మగారిని మాత్రం దించకండి. దిగడం సులువే, ఎక్కేటప్పుడు మా అత్తగారు మూడుచోట్ల కూర్చుండిపోయారు. తోడుగా ఒకరు పైనే ఉండండి.

ఈ రెండూ మొదటిరోజే పెట్టుకోండి. రైలు దిగేది మిస్ర్ స్టేషన్లో, అదే ఆఖరి స్టేషన్. ముందొచ్చే సీదీ గాబర్‌లో తొందరపడి దిగకండి. మిస్ర్ స్టేషన్ పక్కనే కోమ్ అల్ దిక్కాలో చిన్న రోమన్ థియేటర్ ఉంది, పాలరాతి మెట్ల వరసలతో. దాని పక్కనే పాఠాలు చెప్పిన గదులు వరసగా బయటపడ్డాయి, గోడల వెంట విద్యార్థులు కూర్చునే రాతి మెట్లతో. టీచరుగారికి అవి తప్పక చూపించండి.

రెండోరోజు పొద్దున్నే కోట, తర్వాత 2002లో తెరిచిన కొత్త లైబ్రరీ. గ్రీకు-రోమన్ మ్యూజియం చాలా ఏళ్లు మూసి ఉండి 2023లో మళ్లీ తెరిచారు, ఓపికుంటే చూడండి. మొంతజా తోటలు వదిలేయండి, దూరం.

జవాబు 2:
పైన అక్క అన్నీ చెప్పేశారు, నేను డబ్బు, తిండి సంగతి కలుపుతాను. ప్రభుత్వ స్థలాల్లో టికెట్టుకు చాలాచోట్ల కార్డే తీసుకుంటున్నారు. బయల్దేరే ముందే కార్డుకు విదేశీ లావాదేవీలు ఆన్ చేయించండి. పసుపు, నలుపు రంగు టాక్సీలకు బేరం ఆడి ఎక్కాలి. అమ్మగారితో కాబట్టి యాప్‌లో బుక్ చేసుకోవడమే మేలు. శుక్రవారం సెలవు రోజు, లైబ్రరీ వేళలు మారతాయి, రెండోరోజు శుక్రవారం పడకుండా చూసుకోండి.

శాకాహారానికి బెంగే లేదు. ఫూల్ అంటే ఉడికించి మెదిపిన బీన్స్, తామియా అంటే అదే జాతి పప్పుతో వేసిన వడ, లోపల పచ్చగా ఉంటుంది. కొషరీలో అన్నం, పప్పు, మాకరోనీ, శనగలు, పైన వేయించిన ఉల్లిపాయలు. మాంసం వేసి ఇచ్చే చోట్లు కూడా ఉంటాయి, అడిగి తీసుకోండి. ఒక పచ్చడి సీసా పట్టుకెళ్తే అమ్మగారికి తోడు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. నాన్నగారికి చదివి వినిపించాను. లైట్‌హౌస్ లేదనగానే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మన బందరు సరుకు అక్కడికి వెళ్లేదా, కనుక్కో" అన్నారు. ఎవరికైనా తెలుసా?

జవాబు 1:
తెలుసండీ, ఆయన అడగవలసిన ప్రశ్నే అడిగారు. క్రీ.శ. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన పెరిప్లస్ అనే సముద్రయాన పుస్తకంలో మసాలియా అనే తీరం ఉంది. అక్కడ సన్నని నూలు బట్ట విరివిగా నేస్తారని రాశాడు. అది మచిలీపట్నం వైపేనని చరిత్రకారుల మాట. ఆ కాలంలో భారతదేశపు సరుకు ఎర్రసముద్రపు రేవుల్లో దిగి, ఒంటెల మీద ఎడారి దాటి నైలు ఒడ్డున కోప్తోస్ అనే ఊరు చేరి, నైలు మీద పడవల్లో అలెగ్జాండ్రియాకు వచ్చేది. సరుకు విలువలో నాలుగో వంతు సుంకం కట్టాలి. నైలు సరుకు వచ్చేది నగరానికి దక్షిణాన మారియోటిస్ సరస్సు రేవుకు. సముద్రపు రేవు కన్నా ఆ సరస్సు రేవే ధనవంతమని ఆ కాలపు గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు.

కోట చూశాక తూర్పు రేవు ఒంపు వెంట కొంచెం నడవండి. మన బట్టలు రోముకు ఓడెక్కింది ఆ రేవుల నుంచే. జనవరిలో అక్కడ తుపాను గాలి, వాన రెండూ ఉంటాయి, అమ్మగారికి మంకీ క్యాప్, శాలువా పెట్టడం మర్చిపోకండి.