చెక్క బాణాలకు ఏ ఈకలు వేస్తున్నారు?

వెదురుబాణం (హైదరాబాద్):
అందరికీ నమస్కారం. ఆరేళ్లు రికర్వ్ విల్లుతో వేశాను, గురి చూసే సైటు, విల్లుని కదలనివ్వని స్టెబిలైజరు అన్నీ పెట్టుకుని. పోయిన దసరాకి ఇవేవీ లేని సాదా పొడవాటి విల్లు, లాంగ్‌బో ఒకటి తీసుకున్నాను. 28 అంగుళాలు లాగితే 40 పౌండ్లు. పైన్ చెక్క బాణాలు డజను తెప్పించి, ఇంట్లో మిగిలిన ప్లాస్టిక్ వేన్లు (బాణం తోకకి ఈకల బదులు పెట్టేవి) అతికించాను. అప్పట్నుంచీ టెన్షనే. 15 మీటర్ల దూరంలో కూడా బాణం తోక ఊపుకుంటూ వెళ్లి బట్‌లో వంకరగా దిగుతోంది. షెల్ఫ్ (విల్లు పిడి పైన బాణం ఆనే మెట్టు) మీది తోలు మీద నల్లటి గీత పడింది. ఈకలు వెయ్యి అన్నారు మా కోచ్. వెతికితే కుడి రెక్క, ఎడమ రెక్క, మూడు అంగుళాలు, ఐదు అంగుళాలు, రకరకాల ఆకారాలు కనిపిస్తున్నాయి. నాది కుడిచేతి వాటం, కుడి రెక్కవే తీసుకోవాలా? మీరేం వాడుతున్నారో చెప్పండి.

కృష్ణాతీరం (విజయవాడ):
ఆ నల్లటి గీతే మీకు జవాబు చెబుతోంది తమ్ముడూ. మీ పాత రికర్వ్‌కి బాణం పట్టుకునే రెస్ట్ ఉండేది, బటన్ ఉండేది. వేన్ దేనికీ తగలకుండా బయటికి పోయేది. ఇప్పుడు బాణం నేరుగా షెల్ఫ్ మీద కూర్చుంటోంది. నారి వదిలినప్పుడు బాణం విల్లు చుట్టూ పాములా వంగి వెళ్తుంది కదా, ఆ పోవడంలో తోక భాగం షెల్ఫ్‌ని రాసుకునే పోతుంది. ప్లాస్టిక్ గట్టిది, తగిలితే బాణం తోకని పక్కకి తంతుంది. ఈక అయితే ఒక్క క్షణం పడుకుని, దాటగానే లేస్తుంది. ఈక వెయ్యడానికి అసలు కారణం ఇదే. అందం, సంప్రదాయం అన్నీ దాని తర్వాతే.

ఇంకోటి, ఈక చాలా తేలిక. అదే పొడవున్న వేన్ల బరువులో సగం కూడా ఉండదు. తోక తేలికైతే బరువు ముందుకి జరుగుతుంది, బాణం త్వరగా కుదురుకుంటుంది.

కుడి, ఎడమ గురించి: మీ చేతి వాటంతో దానికి సంబంధం లేదు. నేను కుడిచేత్తో వేస్తూ పదేళ్లుగా ఎడమ రెక్క ఈకలే వాడుతున్నాను. ఒక బాణం మీద మూడూ ఒకే రెక్కవి ఉండాలి, అంతే. ప్రతి ఈకకీ పుట్టుకతోనే ఒక వైపు వంపు ఉంటుంది. రెండు ఈకలు పక్కపక్కన పెట్టి చూడండి, ఒకే రెక్కవైతే ఒకే వైపు వాలతాయి. ఒకటి కుడిది, రెండు ఎడమవి కలిస్తే ఒకటి ఇటు తిప్పుతుంది, మిగతావి అటు తిప్పుతాయి. మా క్లబ్బులో ఒక పిల్లాడు చూసుకోకుండా అలా కలిపేసి రెండు నెలలు తన రిలీజ్‌ని తిట్టుకున్నాడు. పాపం, వాడి చెయ్యి బాగానే ఉంది.

డల్లాస్_మావయ్య (టెక్సాస్):
కృష్ణాతీరం గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. జిగ్ (ఈకలు అతికించే పరికరం) కొనేటప్పుడు దానిలో ఈకని పట్టుకునే క్లాంప్ చూసుకోండి. మెలిక తిరిగిన క్లాంప్ అయితే కుడి రెక్కకి కుడిది, ఎడమకి ఎడమదే. తిన్నని క్లాంప్ అయితే ఏ ఈకైనా పడుతుంది. మొదటిసారికి తిన్నని క్లాంప్‌లో పెట్టి, కొద్దిగా వాలుగా అతికించుకోండి, చాలు.

ఇక్కడ దాదాపు అందరూ టర్కీ కోడి రెక్క ఈకలే వాడతారు. పెంపకంలోవి తెల్లగా ఉంటాయి కాబట్టి ఏ రంగైనా బాగా ఎక్కుతుంది. చారలున్నవి కాస్త ఖరీదు. పొడవు విషయంలో నా మాట: 5 అంగుళాలతో మొదలుపెట్టండి. పెద్ద ఈక మన తప్పుల్ని ఎక్కువ మన్నిస్తుంది. చెయ్యి కుదిరాక 4కి దిగండి. దూరం వేసేవాళ్లకి పెద్ద ఈక గాలిని ఎక్కువ పట్టుకుని బాణాన్ని లాగేస్తుంది. ఆకారం గురించి రాత్రుళ్లు కూర్చుని ఆలోచించొద్దు. వెనక కోసుగా ఉండే షీల్డ్ ఆకారం కొంచెం ఎక్కువ శబ్దం చేస్తుంది, గుండ్రంగా ఉండే పారబోలిక్ తక్కువ. నా చెవికి తెలిసిన తేడా అంతే.

వాన సంగతి మాత్రం ముందే తెలుసుకోండి. తడిస్తే ఈక కాడకి అంటుకుపోయి తోక పనిచెయ్యదు. నీళ్లు పట్టనివ్వని పౌడర్ అమ్ముతారు, కొంతసేపు ఆగుతుంది. పెట్టెలో నలిగిపోయిన ఈకలకైతే టీ పెట్టేటప్పుడు వచ్చే ఆవిరి చాలు. గిన్నె మీద బాణాన్ని మెల్లగా తిప్పుతూ ఉంటే ఈక మన కళ్లముందే విచ్చుకుని నిలబడుతుంది. మా అమ్మాయికి ఆ పని చాలా ఇష్టం, నా బాణాలన్నీ తనే చేస్తుంది.

మన్యంపిల్ల (పాడేరు వైపు):
మా తాత విల్లుకి షెల్ఫ్ లేదు. బాణం పిడికిలి మీదే కూర్చునేది. అందుకని ఆయన ఈక ముందు కొస మీద పెట్టిన శ్రద్ధ ఇంకెక్కడా పెట్టేవాడు కాదు. కాడని కత్తితో గీకి గీకి కాగితంలా పల్చగా చేసి, దాని మీద సన్నటి నార బిగించి చుట్టి, వేలితో ముందు నుంచి వెనక్కి రాసి చూసేవాడు. ఏమీ గుచ్చుకోకూడదు. నేను పన్నెండేళ్లప్పుడు సొంతంగా కట్టిన బాణానికి ఆ కొస గీకలేదు. నాలుగోసారి వదిలేటప్పటికి చూపుడువేలు మొదట్లో, కణుపు పక్కన, చర్మం బ్లేడుతో కోసినట్టు లేచింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. షెల్ఫ్ ఉన్నవాళ్లు కూడా ముందు కొస నున్నగా చెయ్యండి, దారం చుట్టండి. కొనుక్కున్న ఈకలు అయినా సరే.

ఆయన వాడింది ఇంట్లో కోడిపుంజు రెక్క ఈకలే. బాణానికి రెండే, ఎదురెదురుగా. దగ్గరి గురికి అవే సరిపోయేవి.

వెదురుబాణం (హైదరాబాద్):
మన్యంపిల్ల గారూ, వేలు సంగతి చదివి వెంటనే నా బాణాలు తీసి తడిమి చూశాను. నిజమే, కొస కరుకుగా ఉంది. చాలా థాంక్సండీ.

ఇంకో ప్రశ్న. మా పెదనాన్న వాళ్ల ఊళ్లో ఒకాయన టర్కీ కోళ్లు పెంచుతున్నారు. ఆ ఈకలు తెచ్చుకుని నేనే చేసుకోవచ్చా? ఊళ్లో చెరువు గట్టు మీద నెమలి ఈకలు కూడా రాలి ఉంటాయి.

కృష్ణాతీరం (విజయవాడ):
నెమలి జోలికి వద్దు. 1963 నుంచి జాతీయ పక్షి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. గద్ద, రాబందు ఈకలు కూడా అంతే. పాత పురాణాల్లో రాబందు ఈకలు, కంకపత్రాలు (కంక అనే పక్షి ఈకలు) కట్టిన బాణాలు ఎన్నో ఉన్నాయి, చదువుకుందాం. మన అమ్ములపొదిలోకి మాత్రం పెంపుడు పక్షుల ఈకలే రావాలి.

టర్కీవి బ్రహ్మాండంగా చేసుకోవచ్చు. కానీ రెక్క చివరి పెద్ద ఈకలే పనికొస్తాయి, రెక్కకి పది దాకా ఉంటాయి. తోకవి మెత్తన. ఇంటికి రాగానే కుడివి ఒక సంచిలో, ఎడమవి ఒక సంచిలో వేసెయ్యండి, కలిశాక విడదీయడం నరకం. గోరువెచ్చటి సబ్బునీళ్లలో కడిగి నీడన ఆరబెట్టండి. కాడని మధ్యకి నిలువుగా చీల్చండి, వెడల్పు పోచలున్న సగం ఉంచుకోండి. తర్వాత కాడ అడుగుని గరుకు కాగితం మీద రుద్దాలి, అడుగు బల్లపరుపుగా అయ్యేదాకా. అసలు కష్టం అక్కడే. ఎక్కువ రుద్దితే ఈక ఊడి చేతికొస్తుంది, తక్కువైతే బాణానికి అతుక్కోదు. నాకు మొదటి పన్నెండులో ఐదు పోయాయి.

పెద్దబాతు ఈకలు కూడా బాగుంటాయి, తడికి టర్కీ కంటే ఓర్చుకుంటాయి. మామూలు బాతువి చిన్నవి, వద్దు.

డల్లాస్_మావయ్య (టెక్సాస్):
ఇక్కడున్న మనవాళ్లకి కూడా ఒక మాట. పార్కుల్లో రాలిన గద్ద ఈకలు, డేగ ఈకలు ఏరుకోవడం వలస పక్షుల రక్షణ చట్టం కింద నేరం. అడవి టర్కీ వలస పక్షి కాదు కాబట్టి ఆ నిబంధన కిందకి రాదు.

పోర్ట్స్‌మౌత్_పద్మ (ఇంగ్లాండ్):
దారం గురించి మన్యంపిల్ల రాసింది చదివి ఆగలేకపోయాను. ఇక్కడ మేరీ రోజ్ అనే పాత యుద్ధనౌక మ్యూజియం ఉంది. ఆ ఓడ 1545లో మునిగింది, 1982లో పైకి తీశారు. అందులో వేల బాణాలు దొరికాయి. ఈకలు కుళ్లిపోయాయి గానీ, కొన్ని కర్రల మీద దారం చుట్టిన గుర్తులు, ఈకలు అంటించిన ఆకుపచ్చటి జిగురు మిగిలాయి. దారం ఒక్క కొసల దగ్గరే కాదు, ఈక పొడవునా పోచల మధ్యలోంచి మెలికలుగా చుట్టారు. నేను గాజు పెట్టె ముందు చాలాసేపు నిలబడిపోయాను. తాతగారి నార చుట్టు, ఆ దారం చుట్టు, రెండూ ఒకే భయం నుంచి పుట్టాయి: ఈక ఊడితే బాణం పోయినట్టే.

క్యోటో_తెలుగు:
జపాన్ విలువిద్య క్యూదోలో బాణాలు జతగా వేస్తారు. మొదటిది హయా, రెండోది ఒతోయా. ఈకల వంపు ఒకదానికి ఒకలా, రెండోదానికి ఎదురుగా ఉంటుంది. అందుకని ఒకటి సవ్యంగా తిరుగుతుంది, ఒకటి అపసవ్యంగా. అయినా ఒక్క బాణం మీద మాత్రం రెండు రకాలు ఎప్పుడూ కలపరు. మా గురువుగారు గద్ద ఈకల పాత బాణాలు దాచుకున్నారు, చూపిస్తారు గానీ వెయ్యరు. మేం వేసేవి టర్కీవే.

మనం రోజూ వాడే ‘పుంఖానుపుంఖాలుగా’ అన్న మాట కూడా బాణం తోక నుంచే వచ్చింది. పుంఖం అంటే ఈకలున్న కొస. ఒక పుంఖం వెనక ఇంకో పుంఖం. ఈకలు అతికించే రోజున ఆ మాట నాకు ప్రతిసారీ గుర్తొస్తుంది.

కృష్ణాతీరం (విజయవాడ):
మంచి మాట గుర్తుచేశారు.

వెదురుబాణం, అసలు సంగతి ఒకటి మిగిలింది. ఈకలు అంటించేముందు ఒకటి రెండు బాణాలకి ఈకల్లేకుండా వేసి చూడండి, పది మీటర్ల నుంచి. వట్టి కర్ర ఎలా దిగుతుందో చూస్తే మీ స్పైన్ (బాణం కర్ర బిగువు) సరిపోయిందో లేదో తెలుస్తుంది. కుడిచేతివాళ్లకి వట్టి కర్ర కుడిపక్కకి పోతుంటే మెత్తన, ఎడమకి పోతుంటే బిగువు. 5 అంగుళాల ఈక మంచిదే, కానీ అది తప్పు స్పైన్‌ని కూడా కప్పేస్తుంది. కప్పిన తప్పు చలికాలంలోనో, అలిసిపోయిన రోజునో బయటపడుతుంది.

పోటీలకి వెళ్లే ఆలోచన ఉంటే ఇంకోటి: వరల్డ్ ఆర్చరీ నిబంధనల్లో లాంగ్‌బో విభాగానికి చెక్క బాణాలే, సహజమైన ఈకలే. ప్లాస్టిక్ వేన్లు ఒప్పుకోరు.

వెదురుబాణం (హైదరాబాద్):
మూడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. వట్టి కర్రలు వేశాను, రెండూ ఎడమకి పోయాయి, అంటే నా పైన్ కర్రలు బిగువు. కాస్త మెత్తటి కర్రలు ఆరు తెప్పించి మళ్లీ చూశాను, ఇప్పుడు నిటారుగా దిగుతున్నాయి. ఎడమ రెక్కవి, 5 అంగుళాలవి, రెండు తెల్లవి, ఒకటి ఎర్రది. ఎర్రది విల్లుకి బయటివైపు. కొసలు గీకి, పట్టుదారం చుట్టి, దాని మీద ఒక చుక్క జిగురు. మొదటి బాణానికి ఇంట్లో ఉన్న తెల్ల జిగురు వాడితే తడి గడ్డిలో పడి ఊడొచ్చింది, మిగతావాటికి వేరేది వాడాను. నిన్న సాయంత్రం 18 మీటర్ల దగ్గర ఆరు బాణాలూ అరచేతి వెడల్పులో పడ్డాయి. చప్పుడు కూడా మారిపోయింది, ఇదివరకు టక్ మనేది, ఇప్పుడు గాలిలో సన్నగా ఊదినట్టు వస్తోంది.

ఒకటే అనుమానం. కింది ఈక అంచు రెండు బాణాలకి కొద్దిగా అరుగుతోంది. ఇది మామూలేనా?

మన్యంపిల్ల (పాడేరు వైపు):
నారి మీద నాక్ (బాణం వెనక కొసన ఉండే గాడి) పెట్టే చోటు కొంచెం పైకి జరిపి చూడండి, ఒక్క గోరంత. మా తాత దారం చుట్టు ఒకటి విప్పి మళ్లీ కట్టేవాడు. జరిపాక పది బాణాలు వేసి ఈక చూపించండి.