లిస్బన్ రాజహత్య: పోర్చుగల్ రాచరికాన్ని కూల్చింది తూటాయేనా?

పాతకోట:
1908 ఫిబ్రవరి 1న లిస్బన్‌లో పోర్చుగల్ రాజు కార్లోస్‌ని, 20 ఏళ్ల యువరాజు లూయిస్ ఫిలిప్‌ని కాల్చి చంపారు. 1910 అక్టోబర్ 5న రిపబ్లిక్ వచ్చేసింది. హత్యే రాచరికాన్ని కూల్చిందంటే నేనొప్పుకోను. 1907లో పార్లమెంటుని రద్దు చేసి, ప్రధాని జువావ్ ఫ్రాంకో చేత ఉత్తర్వులతో పాలన చేయించిన రోజే అది పోయింది.

గోదారిగట్టు:
ఆ పాలన తొమ్మిది నెలలు కూడా లేదండీ. అసలు దెబ్బ 1890 బ్రిటిష్ అల్టిమేటం. అంగోలాకీ మొజాంబిక్‌కీ మధ్య నేల వదలమని బ్రిటన్ బెదిరిస్తే వదిలేశారు, జనం ఆ అవమానాన్ని రాజు నెత్తిన పెట్టారు. మరుసటి ఏడే పోర్టోలో తిరుగుబాటు, 1892లో ఖజానా దివాలా.

చిన్నోడు:
రాజకుటుంబం ఖజానా నుంచి వాడుకున్న అడ్వాన్సుల సంగతి ఎవరూ ఎత్తరేం?

పాతకోట:
అల్టిమేటం తర్వాత కూడా 20 ఏళ్లు నిలబడింది కదా. నేనడిగేది ఒక్కటే. రాజకీయ నిందితుల్ని వలస రాజ్యాలకు పంపేయడానికి 1908 జనవరి 31 నాటి ఉత్తర్వు మీద సంతకం ఎవరిది? రాజుది.

గోదారిగట్టు:
మళ్లీ సంతకమేనా! లూయిస్ ఫిలిప్ దేనిమీద పెట్టాడు సంతకం? పైకప్పు లేని బండిలో తల్లి అమేలీ పూలగుత్తితో హంతకుణ్ణి కొడుతుంటే ఆమె కళ్లముందే కొడుకుని చంపారు.

పాతకోట:
మా నాన్నని ఎమర్జెన్సీలో ఏ కేసూ చెప్పకుండా జైల్లో పెట్టారు. ఆ కాగితం మీద సంతకం పెట్టినవాళ్లు మా అమ్మకి ఏనాడూ జవాబు చెప్పలేదు. నాకు సంతకం చిన్న విషయం కాదు.

సీతాకోక:
ఎమర్జెన్సీకీ పోర్చుగల్‌కీ ఏం సంబంధం?

గోదారిగట్టు:
మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే, కాదనను. కానీ మీరు వెతికేది రాచరికం ఎందుకు పోయిందని కాదు, ఆ హత్య చెల్లుతుందని.

పాతకోట:
అప్పటి పోర్చుగల్ రాజ్యాంగంలో రాజు ఎవరికీ జవాబుదారీ కాదని రాసుంది. పార్లమెంటు మూసేశారు, అడగడానికి కోర్టు లేదు. ఇక ఆపేదెవరు, ఎలా? మీరు చెప్పండి.

గోదారిగట్టు:
చెప్తా. కార్లోస్ చిన్నకొడుకు, 18 ఏళ్ల మాన్యుయెల్ గద్దెనెక్కగానే ఫ్రాంకోని పంపేశాడు. అంటే దారి మార్చే వీలుంది. అయినా రెండున్నరేళ్లలో ఆరు ప్రభుత్వాలు మారాయి, చివరికి ఎరిసెయిరా తీరంలో పడవెక్కి దేశం వదిలాడు. ఆ తర్వాతి రిపబ్లిక్‌ని 1926లో సైన్యం కూల్చింది, అప్పుడు సంతకం పెట్టే రాజే లేడు.

పాతకోట:
ఎలా ఆపాలో ఇంకా చెప్పలేదు మీరు.