ఎంఆర్ఐ స్పీడ్ పెంచే ఏఐ: మోకాలికి సరే, మిగతా వాటికీ నమ్మొచ్చా?

మాగ్నెట్‌బాబు:
మా సెంటర్లో ఏఐ రీకన్‌స్ట్రక్షన్ (తక్కువ డేటాతోనే ఏఐ బొమ్మ కట్టే పద్ధతి) పెట్టాక మోకాలి స్కాన్ దాదాపు సగం టైమ్‌లో అయిపోతోంది. ఇదివరకు మూడో సీక్వెన్స్‌కి (స్కాన్‌లో విడివిడిగా తీసే విడతల్లో మూడోదానికి) వచ్చేసరికి నొప్పి తట్టుకోలేక పెద్దావిడ కాలు కదిపేసేది, మళ్లీ తీయాల్సి వచ్చేది. అయినా మా డాక్టర్ గారు "బొమ్మ మరీ నున్నగా ఉందయ్యా" అంటున్నారు. మీరేమంటారు?

రిపోర్టుల రాయుడు:
నాదీ మీ డాక్టర్ గారి మాటే. ఎంఆర్ఐ అంటే ఫొటో కాదు కదా, కే-స్పేస్ డేటాని, అంటే మెషీన్‌కి అందే ముడి సిగ్నల్‌ని, వరసలు వరసలుగా కొలిచి దాన్నుంచి బొమ్మ కడతాం. కొన్ని వరసలు మానేస్తే టైమ్ మిగులుతుంది, ఆ ఖాళీలు దేంతో పూడుస్తున్నామన్నదే గొడవంతా. 1999 నాటి సెన్స్, 2002 నాటి గ్రాపా అనే పాత స్పీడ్ పద్ధతులు అదే పేషెంట్ చుట్టూ ఉన్న కాయిల్స్ (సిగ్నల్ అందుకునే యాంటెన్నాలు) ఇచ్చిన సమాచారంతో పూడుస్తాయి. సగం వరసలు వదిలేస్తే సిగ్నల్-నాయిస్ నిష్పత్తి (గరుకుతో పోలిస్తే అసలు సిగ్నల్ ఎంతన్నది) దాదాపు 30 శాతం పడిపోతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, కానీ ఆ గరుకు కంటికి కనిపిస్తుంది కాబట్టి జాగ్రత్తపడతాం. ఏఐ అయితే పాత స్కాన్లలో నేర్చుకున్నది కూడా కలుపుతుంది, తప్పు కలిపినా బొమ్మ నిగనిగలాడుతూనే ఉంటుంది.

మాగ్నెట్‌బాబు:
మరి న్యూయార్క్‌లో ఎన్‌వైయూ లాంగోన్, ఫేస్‌బుక్ కలిసి 2018లో మొదలుపెట్టిన ఫాస్ట్‌ఎంఆర్ఐ అనే ఏఐ పరిశోధన ప్రాజెక్టు సంగతో? 2020లో 108 మంది మోకాళ్లు చూసి, తక్కువ డేటా బొమ్మలు మామూలు వాటికి బదులు వాడొచ్చని తేల్చారుగా.

రిపోర్టుల రాయుడు:
అవి పూర్తిగా తీసిన స్కాన్లే బ్రదర్, తర్వాత కంప్యూటర్లో డేటా కోశారు, నిజంగా వేగంగా తీసినవి కావు.

కాయిల్ కామేశం:
నిజమే, కానీ 2023 పేపర్లో 170 మందికి మామూలుగానూ, ఏఐతో వేగంగానూ రెండు రకాలుగానూ స్కాన్ తీశారు, మోకాలి విషయంలో ఏఐ వెనకబడలేదు. ఇంకో పక్క, అదే ప్రాజెక్టు 2020లో మెదడు స్కాన్ల మీద 4, 8 రెట్ల వేగంతో పోటీ పెడితే, అసలు స్కాన్‌లో లేనివి బొమ్మలో పుట్టుకొచ్చిన ఉదాహరణలు నిర్వాహకులే చూపించారు. అందుకే మోకాలికి 4 రెట్లంటే ఒప్పుకుంటా, మెదడు అడుగున ఉండే చిన్న గ్రంథి పిట్యూటరీకి అదే సెట్టింగ్ పెడతానంటే ఊరుకోను. అన్నట్టు, మా దగ్గర సగం టైమ్ గాజులు, పిన్నీసులు తీయించడానికే పోతుంది, దానికే ఏఐ ఉందో మరి!

మాగ్నెట్‌బాబు:
పిన్నీసుల మాట నిజం సార్, నిన్న ఒకావిడ చీరకే ఆరున్నాయి. మా మేనేజరేమో మిగిలిన టైమ్‌లో ఇంకో ఇద్దర్ని ఇరికించమంటున్నాడు.

రిపోర్టుల రాయుడు:
ఒకర్ని ఇరికించండి చాలు. ఆ రెండోవారి టైమ్‌లో, అనుమానం ఉన్న కేసుకి ఒక్క సీక్వెన్సన్నా పాత పద్ధతిలో తీసి మీ డాక్టర్ గారికి పక్కపక్కన పెట్టి చూపించండి.