సమస్యాపూరణం: మెదడు నీరన్న వాఁడె పో మేటి బుధుడు

మహేంద్రతనయ (పర్లాకిమిడి, నిర్వహణ):
ఈ వారం తేటగీతి. బుర్రలో గుజ్జు లేదని తిట్టుకునే మనకు ఈ పాదం అడ్డం తిరిగినట్టే ఉంటుంది. ఎంఆర్ఐతో మెదడులోని నీటి శాతం కొలవడమే విషయంగా పూరించండి.

నాగావళి (రాయగడ):
ధూసరంబున నెనుబది తోయపాళ్ళు
తెలుపునందున డెబ్బది తెలిసెఁ గాన
కొలిచి చూపిన యంత్రమ్ము కొలువులోన
మెదడు నీరన్న వాఁడె పో మేటి బుధుడు

మహేంద్రతనయ:
లెక్క సరి. ధూసరమంటే మెదడులోని బూడిదరంగు భాగం, తెలుపంటే తెల్లని భాగం. తెలుపులో నీరు తగ్గడానికి కారణం నరాల తీగలను చుట్టిన మైలిన్‌లోని కొవ్వు. ‘తోయపాళ్ళు’ వైరిసమాసం (సంస్కృతపదానికి తెలుగుమాట అతికినది), ‘తోయముండ’ అంటే యతి చెడదు, అన్వయమూ సాఫీగా సాగుతుంది.

ఋషికుల్య (బరంపురం):
జలకణంబుల నుదజని చలనమెఱిఁగి
బలిమి సూదంటురాతిలోఁ బలికినట్టి
సడిని నీటిగొట్టముతోడ సరిగఁ దూచి
మెదడు నీరన్న వాఁడె పో మేటి బుధుడు

నాగావళి:
మూడో పాదం ఎంత బాగుందో! తల పక్కన నీటిగొట్టం పెట్టి పోల్చడం ఒక్క పాదంలో ఇమిడింది. అయితే ‘సరిగ’ అనడం అంత తేలికా?

ఋషికుల్య:
తేలిక కాదండీ. సడి అంటే నీటిలోని ఉదజని (హైడ్రోజన్) అయస్కాంతంలో ఇచ్చే సంకేతం. గొట్టం గది వేడిలో 22 డిగ్రీల దగ్గర ఉంటుంది, తల 37. చల్లని నీటి సడి సుమారు 5 శాతం హెచ్చు. దాన్ని సవరించకపోతే మెదడులో నీరు తక్కువగా తేలుతుంది. పైగా ఆ సడి సెకనులో పదో వంతులోనే చాలావరకు అణగిపోతుంది; మైలిన్ పొరల మధ్య నీటిది ఇంకా ముందే. అందుకే అణగుతున్న సడిని పలుమార్లు పట్టి, తొలి క్షణానికి వెనక్కి లెక్కకట్టాలి. స్కానింగ్ గదిలో పనిచేసేవాడిని కనుక ‘సరిగ’ అన్న మాట కావాలనే వేశాను.

వంశధార (గుణుపురం):
పక్షవాతాన మెదడులోఁ బరచుకొన్న
వాపు తెలిసెను తొలిగంట వైద్యునకును
అమ్మ నిలిచెను, నా మాట నందుకొనుఁడు
మెదడు నీరన్న వాఁడె పో మేటి బుధుడు

మహేంద్రతనయ:
అమ్మగారు కోలుకున్నందుకు సంతోషం, వంశధారగారూ. మూడో పాదం ఈ వారానికే తలమానికం. రెండో పాదం గురించి ఋషికుల్యగారు చెప్పాలి.

ఋషికుల్య:
రక్తం అందని తొలి గంటల్లో నీటి మొత్తం పెద్దగా పెరగదమ్మా. బయటి నీరు కణాల్లోకి చేరి అక్కడ ఇరుకున పడుతుంది. దాని కదలిక మందగించడాన్నే ఎంఆర్ఐ ముందుగా పట్టుకుంటుంది. మొత్తం పెరిగి వాపు కనబడేది ఆ తర్వాత. అందుకే ఇలా మార్చి చూడండి:
నీటి నడకలు తగ్గుట నిపుణుఁడెఱిఁగె

వంశధార:
‘పరచుకొన్న’ ఇప్పుడు నీటికే అన్వయిస్తోంది. ఈ పాదమే ఉంచండి. ఆ రోజు డాక్టరు తెరమీద తెల్లటి మచ్చ చూపించి చెప్పినదీ ఇదే.