'సెట్'కు ఎన్ని అర్థాలు? ముందు ఎన్ని 'సెట్'లో చూద్దాం

ఆంగ్లంలోని 'సెట్' అన్న మాటకు తెలుగు పర్యాయపదాలు కావాలని సమూహంలో ఒకరు అడిగారు. అమర్చు, ఉంచు, నిర్ణయించు, జత, సమితి, గట్టిపడు, అస్తమించు... అంటూ జాబితా ఇప్పటికే చాలా దూరం వెళ్లింది. అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ అస్తమించడానికీ అమర్చడానికీ పర్యాయత్వం ఎక్కడిది? అవి నానార్థాలు, అంటే ఒకే మాటకున్న వేర్వేరు అర్థాలు. అమరకోశం రాసిన అమరసింహుడు ఈ రెంటినీ కలపలేదు. పర్యాయపదాలను వర్గాలుగా చెప్పుకుంటూ వచ్చి, మూడో కాండలో నానార్థవర్గాన్ని విడిగా పెట్టాడు. హరి అంటే విష్ణువు, ఇంద్రుడు, సింహం, గుర్రం, కోతి, చిలుక, పాము, కప్ప కూడా. అంతమాత్రాన కప్పకు సింహం పర్యాయపదం కాదు కదా!

'సెట్' మామూలు మాట కాదు, ఒప్పుకోవలసిందే. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో అన్నిటికంటే పొడవైన పద్దు 'సెట్' క్రియదే. మొత్తం 430 దాకా అర్థాలు, వాటి వివరణకు 60,000 మాటలు. తరువాత మూడో కూర్పు పనిలో ఆ కిరీటం చేతులు మారింది. 2000లో 'మేక్', 2007లో 'పుట్', 2011లో 645 అర్థాలతో 'రన్' దాన్ని అందుకున్నాయి. అన్నీ పొట్టి మాటలే, అన్నీ ఇంట్లో రోజూ వాడే మాటలే. వాడకంలో నలిగే కొద్దీ మాటకు అర్థాలు పెరుగుతాయి. మన పట్టు, కట్టు, పెట్టు, పడు కూడా ఇలాంటివే.

ఇక 'సెట్' సంగతి. ఇందులో పుట్టుక వేరైన రెండు మాటలున్నాయి. క్రియ పాత ఆంగ్లపు 'సెట్టన్' నుంచి వచ్చింది. దాని అర్థం 'కూర్చోబెట్టు'. 'సిట్' అంటే కూర్చోవడం, 'సెట్' అంటే కూర్చోబెట్టడం. అంటే ఇది ప్రేరణార్థకం, ఇంకొకరి చేత చేయించే క్రియ. మనకు దిగు–దించు, కూడు–కూర్చు, కుదురు–కుదుర్చు ఉన్నట్టే వారికీ ఒకప్పుడు ఇలాంటి జంటలు చాలా ఉండేవి. లై–లే, రైజ్–రెయిజ్, ఫాల్ (పడు)–ఫెల్ (పడగొట్టు) ఆ జంటల్లో మిగిలినవి. అన్నిటికంటే నాకు నచ్చేది డ్రింక్–డ్రెంచ్. తాగించడమే ముదిరి తడిపి ముద్ద చేయడమైంది.

గుంపు, సముదాయం అనే అర్థమున్న నామవాచకం దారి వేరు. అది పాత ఫ్రెంచి 'సెట్' గుండా లాటిన్ 'సెక్టా' దగ్గరకు పోతుంది. దాని అర్థం అనుచరగణం. మతశాఖ అనే అర్థంలో వాడే 'సెక్ట్' దీని తోబుట్టువు. గణితంలో చదువుకునే సమితి ఈ వంశంలోనిది. కాలక్రమంలో రెండు మాటల ఉచ్చారణ ఒకటైపోయి, అర్థాలు కూడా ఒకదానిపై ఒకటి వాలాయి. అందుకే 'కలిపి పెట్టినవి కాబట్టి సెట్' అని ఆంగ్లేయులే అనుకుంటారు.

కూర్చోబెట్టడం అన్న బొమ్మను మనసులో ఉంచుకుంటే క్రియ అర్థాల్లో చాలా వాటికి తాళం దొరుకుతుంది. ఎముకను దాని చోట కూర్చోబెడితే అది కట్టు కట్టడం (పుత్తూరు కట్టు గుర్తుంది కదా). అచ్చక్షరాలను వరుసలో కూర్చోబెడితే అక్షరకూర్పు. ముహూర్తం, ధర, గడువు, గడియారంలో అలారం, గడ్డివామికి నిప్పు, కొత్త ఊళ్లో కాలు... వీటన్నిటికీ మనకు 'పెట్టు' ఒక్కటే చాలు. ఇంతవరకు రెండు భాషలూ చెయ్యి చెయ్యి పట్టుకుని నడుస్తాయి.

సూర్యుడి దగ్గర దారులు చీలుతాయి. పాత ఆంగ్లంలో సూర్యాస్తమయాన్ని 'సెట్ల్‌గాంగ్' అనేవారు. అంటే ఆసనానికి చేరుకోవడం. పగలంతా తిరిగిన సూర్యుడు చివరికి కూర్చుంటాడన్నమాట. సంస్కృతంలో 'అస్తం' అంటే ఇల్లు, ఇంటిదారి. అక్కడ సూర్యుడు ఇంటికి పోతాడు. తెలుగువాడి పొద్దు కూర్చోదు, ఇంటికీ పోదు. వాలుతుంది, లేదా గుంకుతుంది. నిఘంటువులో 'సెట్' పక్కన 'అస్తమించు' అని చూసి ఊరుకుంటే ఈ మూడు ఊహల తేడా కంటబడదు.

ఒకచోట మాత్రం మన మాట ఆశ్చర్యపరుస్తుంది. ఉంగరంలో రాయిని బిగించడాన్ని ఆంగ్లంలో 'సెట్' అంటారు. గుడ్ల మీద కూర్చున్న కోడిని 'సెట్టింగ్ హెన్' అంటారు. తెలుగులో ఈ రెండు పనులకూ ఒకే క్రియ, పొదుగు. రత్నాలు పొదిగిన కిరీటం, పెట్ట పొదిగిన గుడ్లు. ఎవరూ ఎవరి దగ్గరా అప్పు తీసుకోలేదు. బంగారపు గూటిలో ఇమిడిన రాయినీ రెక్కల కింద ఒదిగిన గుడ్డునూ ఇద్దరూ ఒకేలా చూశారు, అంతే.

సిమెంటు దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. జాబితాలో 'గట్టిపడు' రాసినవారితో నాకు పేచీ ఉంది. ఇంజనీర్లు సెట్టింగ్, హార్డెనింగ్ అని రెండు దశలు చెబుతారు. కలిపిన సిమెంటు మెత్తదనం పోగొట్టుకుని కదలకుండా నిలవడం మొదటిది. బలం పుంజుకోవడం రెండోది. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు భారతీయ ప్రమాణం ప్రకారం తొలి సెట్టింగ్ 30 నిమిషాలలోపు మొదలు కాకూడదు, తుది సెట్టింగ్ 600 నిమిషాలు దాటకూడదు. బలాన్ని మాత్రం 28 రోజుల దాకా పరీక్షిస్తారు. 'గట్టిపడటం' ఆ రెండో దశకు సరిపోయే మాట. మొదటిదానికి 'బిగుసుకోవడం' నయం. అదే పాల దగ్గరైతే తోడుకోవడం, నెయ్యి దగ్గరైతే పేరుకోవడం. చలికాలం అయితే తిష్ఠ వేస్తుంది. ఆంగ్లం ఒక్క మాటతో సరిపెట్టిన చోట మనం వస్తువును బట్టి మాట మారుస్తాం. అందుచేత 'సెట్'కు తెలుగు మాట అడిగేవారు దాని పక్కన ఏ నామవాచకం ఉందో కూడా చెప్పాలి. లేకపోతే జవాబు లేదు.

ఆ జాబితా కింద వచ్చిన కొన్ని వ్యాఖ్యలకు ఇక్కడే జవాబు చెబుతాను.

"ఇప్పుడు అందరూ 'సెట్ అయింది' అంటున్నారు, దానికి తెలుగు లేదా?" అని అడిగిన అమ్మగారికి: నిక్షేపంలా ఉంది, 'కుదిరింది'. పెళ్లి కుదిరింది, బేరం కుదిరింది, పులుసులో ఉప్పు కుదిరింది, జబ్బు కుదిరింది. నామవాచకంగా కుదురు అంటే కుండ దొర్లకుండా కింద పెట్టే చుట్ట. పొలంలో వరి దుబ్బు కూడా కుదురే. చదరపు మీటరుకు ఇన్ని కుదుళ్లు ఉండాలని వ్యవసాయాధికారులు నేటికీ అంటారు. కదలకుండా తన చోట నిలవడమే అన్నిటిలోని భావం. మనసు 'కుదుటపడటం' కూడా దీని సంతానమే. 'సెట్ అయింది' అనవద్దని నేననను, కానీ ఆ ఒక్కదాని కోసం ఇంత సంసారమున్న మాటను మూలన కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

సెట్ దోసె గురించి అడిగిన మిత్రుడికి: కన్నడదేశపు ఆ దోసెలను రెండో మూడో కలిపి వడ్డిస్తారు కాబట్టి ఆ పేరు. అది లాటిన్ అనుచరగణం వంశం. సినిమా సెట్ కూర్చోబెట్టే వంశం. ఎంసెట్ ఏ వంశమూ కాదు, అది ఉమ్మడి ప్రవేశ పరీక్షకు ఒకప్పుడు పెట్టిన ఆంగ్ల పేరులోని పొడి అక్షరాల కూర్పు.

పత్రికల్లో పనిచేసే మాస్టారు 'సెట్ అసైడ్' సంగతి లేవనెత్తారు. కింది కోర్టు తీర్పును హైకోర్టు "పక్కన పెట్టింది" అని రాస్తున్నారు. తెలుగులో పక్కన పెట్టిన దస్త్రాన్ని రేపు మళ్లీ తీయవచ్చు. కోర్టు చేసింది అది కాదు, ఆ తీర్పు ఇక చెల్లకుండా చేసింది. 'రద్దు చేసింది', లేదా 'కొట్టివేసింది' అని రాయండి మాస్టారూ. 'పక్కన పెట్టింది' అని చదివిన కక్షిదారు అసలు గెలిచాడో ఓడాడో తెలియక మళ్లీ వకీలు దగ్గరకు పరుగెత్తాలి.