జట్టులో వరసగా గడ్డలు లేస్తున్నాయి, అందరికీ ముక్కు పరీక్ష చేయించి పాజిటివ్ వచ్చినవాళ్ళని ఆపెయ్యాలా?

గాజువాక_కోచ్:
అందరికీ నమస్కారం. గాజువాక వైపు ఇంటర్, డిగ్రీ చదివే కుర్రాళ్ళకి కబడ్డీ నేర్పుతుంటాను. వానలు మొదలైన దగ్గర్నుంచీ మా జట్టులో ముగ్గురికి ఒకరి తర్వాత ఒకరికి గడ్డలు లేచాయి. ఒకడికి మోచేతి మీద, ఒకడికి మోకాలి కింద, ఇంకొకడికి తొడ వెనక. మొదట చిన్న ఎర్రటి పొక్కు, ఏదో పురుగు కుట్టిందనుకున్నాం. రెండు రోజులు తిరిగేసరికి చుట్టూ గట్టిపడి, ముట్టుకుంటే కాలిపోతూ, మధ్యలో చీము పట్టింది. ఇళ్ళల్లో మామిడిపళ్ళు ఎక్కువ తిని వేడి చేసిందన్నారు. తొడ మీద లేచినవాడికి డాక్టరు గారు కోసి, చీము ల్యాబ్‌కి పంపిస్తే ఎంఆర్ఎస్ఏ అని రిపోర్టు వచ్చింది, మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగని రకం అన్నారు.

అప్పట్నుంచీ టెన్షన్. మా కమిటీ పెద్దాయన ఏమంటారంటే, అందరి ముక్కుల్లోంచీ శాంపిల్ తీయించు, ఎవడి దగ్గర ఆ క్రిమి ఉంటే వాడిని ఈ సీజన్‌కి పక్కన పెట్టు అని. నాకు మనసొప్పడం లేదు. కుర్రాళ్ళలో అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి, ఆ తొడ గడ్డ కుర్రాడి పక్కన కూర్చోవడానికి కూడా వెనకాడుతున్నారు. స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకున్న పిల్లాడు వాడు. తెలిసినవాళ్ళు చెప్పండి, ఏం చెయ్యాలి?

పాత_డిఫెండర్:
అన్నా, నేనైతే టెస్టు చేయించమనే అంటాను. ఒక్కడి కోసం చూసుకుంటే పదిమందీ పడతారు. మేం ఆడిన రోజుల్లో మట్టి కోర్టు, దోక్కుపోతే అంత మట్టి అద్దుకుని ఆడేసేవాళ్ళం, ఇలాంటివి ఎవరూ పట్టించుకోలేదు. 2014లో ప్రో కబడ్డీ వచ్చాక కుర్రాళ్ళందరికీ మ్యాట్ కావాలి, ఆ మ్యాట్ తుడిచే నాథుడుండడు. ఎవడి దగ్గర ఉందో తెలిస్తేనే కదా ఆపగలం?

ల్యాబ్_మేడమ్:
కోచ్ గారూ, నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను, రోజూ ఈ చీము శాంపిళ్ళే చూస్తాను, అందుకని కాస్త పెద్దగానే రాస్తున్నా. దయచేసి ముక్కు పరీక్ష పేరు చెప్పి ఎవర్నీ ఆపకండి.

స్టాఫిలోకాకస్ ఆరియస్, పొట్టిగా స్టాఫ్, అనే ఈ బ్యాక్టీరియా ఏ జబ్బూ లేని మనుషుల్లో కూడా దాదాపు ముగ్గురిలో ఒకరి ముక్కులో ఉంటుంది. నాలో ఉండొచ్చు, మీలో ఉండొచ్చు, పక్కన పెట్టమన్న పెద్దాయనలోనూ ఉండొచ్చు. కొందరిలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది, కొందరిలో వచ్చి పోతుంటుంది. ఇవాళ పాజిటివ్ వచ్చిన పిల్లాడికి వచ్చే నెల నెగెటివ్ రావచ్చు. ముక్కులో లేకుండా గొంతులోనో చంకల్లోనో గజ్జల్లోనో ఉంటే ముక్కు పరీక్షకి అసలు దొరకదు. ఎంఆర్ఎస్ఏ అనేది ఈ స్టాఫ్‌లోనే మందులకి లొంగని రకం, అది ముక్కులో ఉన్నవాళ్ళు చాలా తక్కువ. ఉన్నా సరే, అది జబ్బు కాదు. చర్మం బాగున్నంతసేపూ అది పైనే ఉంటుంది, తోలు లేచిపోయిన చోట దొరికితేనే లోపలికి దిగుతుంది.

మీ కుర్రాళ్ళ సంగతి లాంటిదే అమెరికాలో సెయింట్ లూయిస్ రామ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో 2003 సీజన్‌లో జరిగింది. 58 మంది ఆటగాళ్ళలో 5 మందికి, మొత్తం 8 ఎంఆర్ఎస్ఏ ఇన్ఫెక్షన్లు. అన్నీ కృత్రిమ గడ్డి మీద పడి చర్మం దోక్కుపోయిన చోట్లే వచ్చాయి. సీడీసీ, అంటే అక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ వాళ్ళు వచ్చి ఆటగాళ్ళవీ సిబ్బందివీ కలిపి 84 ముక్కు శాంపిళ్ళు తీస్తే 35 మందిలో మామూలు స్టాఫ్ దొరికింది, ఎంఆర్ఎస్ఏ మాత్రం ఒక్కరి ముక్కులోనూ లేదు! మీ పెద్దాయన పద్ధతిలో వెళ్తే అక్కడ ఆపాల్సినవాడు ఒక్కడూ దొరికేవాడు కాదు, గడ్డలు మాత్రం వస్తూనే ఉండేవి. అక్కడ బయటపడ్డ విషయాలు వేరు. మైదానంలో ఒకే తువాలుతో ముగ్గురు దాకా తుడుచుకోవడం, ఒళ్ళు కడుక్కోకుండా అందరూ ఒకే నీళ్ళ తొట్టిలోకి దిగడం, దెబ్బలకి కట్టు కట్టేవాళ్ళకి చేతులు కడుక్కునే వీలు సరిగ్గా లేకపోవడం.

డిఫెండర్ గారూ, మీ భయం నాకు అర్థమైంది. ఒళ్ళూ ఒళ్ళూ రాసుకునే ఆటల్లో ఇది ఎక్కువన్న మాట నిజమే. అమెరికాలోనే వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో 377 మంది కాలేజీ ఆటగాళ్ళని రెండు సీజన్లు గమనించినప్పుడు, అలాంటి ఆటలవాళ్ళలో ఎంఆర్ఎస్ఏ ఉండే అవకాశం మిగతా ఆటలవాళ్ళకంటే రెట్టింపు పైనే కనిపించింది, వాళ్ళకి తొందరగా అంటుకుంది, తొందరగా వదల్లేదు కూడా. కబడ్డీలో ఒక్క రైడ్‌కి ఎన్ని చేతులు ఎన్ని కాళ్ళని పట్టుకుంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే మీరు వెతకాల్సింది ముక్కుల్లో కాదు, మోకాళ్ళ మీదా మోచేతుల మీదా. ప్రాక్టీసుకి ముందు నిలబెట్టి చూడండి. కొత్తగా దోక్కుపోయింది ఎవరికి, ఎర్రబడింది ఎవరికి, ఎవడు గడ్డని జెర్సీ కింద దాస్తున్నాడు. ఆపేస్తారన్న భయం పెడితే పిల్లలు కచ్చితంగా దాస్తారు, అప్పుడే ఇది జట్టంతా పాకుతుంది.

ఇంకో సంగతి, మందుల షాపులో అడిగి అమాక్సిసిలిన్ మింగించొద్దు. ఎంఆర్ఎస్ఏ మీద అది పనిచెయ్యదు. గడ్డకి అసలు వైద్యం చీము తీయించడమే, ఆ పైన ఏ మందన్నది కల్చర్ రిపోర్టు, అంటే చీములోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసిన రిపోర్టు చూసి డాక్టరు చెప్పాలి. మిగతా ఇద్దరి చీము కూడా పరీక్షకి పంపించారా? డబ్బు ఖర్చు పెడితే అక్కడ పెట్టండి. ముక్కులో రాసే మ్యుపిరోసిన్ ఆయింట్‌మెంట్ ఉంది, ఐదు రోజులు వాడతారు, కానీ మళ్ళీ మళ్ళీ గడ్డలు వచ్చేవాళ్ళకి డాక్టరు చెప్తేనే. జట్టంతటికీ రాసేస్తే ఆ మందుకి కూడా లొంగని రకాలు తయారవుతాయి.

సీతమ్మధార_నర్సు:
మేడమ్ చెప్పినదానికి నా వంతు. దోక్కుపోయిన వెంటనే, ప్రాక్టీసు అయ్యాక కాదు వెంటనే, కుళాయి కింద సబ్బుతో కడిగి, ఆరబెట్టి, కట్టు కట్టాలి. చెమటకి కట్టు ఊడిపోతే ఆట ఆపి మళ్ళీ కట్టాలి, మన వైజాగ్ ఉక్కపోతలో అది ఊడకుండా ఉండదు. పాత కట్టు కవర్‌లో కట్టి పారెయ్యాలి, కట్టినవాళ్ళు చేతులు కడుక్కోవాలి. గడ్డని గోళ్ళతో, పిన్నుతో గిల్లనివ్వొద్దు, ముఖ్యంగా ముక్కు దగ్గరా పెదవి పైనా లేస్తే అసలు ముట్టుకోవద్దు, ప్రాణం మీదకి వస్తుంది.

మోకాళ్ళకి తొడుక్కునే నీ క్యాప్‌ల సంగతి కూడా చూడండి సర్. మా తమ్ముడి జట్టులో ఒకే సంచిలో అన్నీ కలిపి పడేసేవాళ్ళు, ఎవరి చేతికి ఏది వస్తే అది తొడుక్కోవడం. లోపలి వైపు చెమట ఎండి అట్ట కట్టి, పక్కన ఎండిన రక్తం మరక కూడా ఉండేది. ఎవరివి వాళ్ళవే, పేరు రాసుకుని, ప్రతి రోజూ ఉతికి ఎండలో వెయ్యాలి. తువాలు, సబ్బు బిళ్ళ, రేజరు కూడా అంతే. ఒళ్ళు షేవ్ చేసుకునే అలవాటు ఉన్నవాళ్ళకి మానమని చెప్పండి, కంటికి కనపడని గాట్లు పడతాయి.

మ్యాట్‌కి ముందు సబ్బునీళ్ళు, అది తుడిచాక బ్లీచ్. దుమ్మూ చెమటా ఉండగా బ్లీచ్ సరిగా పనిచెయ్యదు. బాటిల్ మీద 5 శాతం అని ఉన్న బ్లీచ్ అయితే లీటరు నీళ్ళకి 10 మిల్లీలీటర్లు, ఏ రోజుకి ఆ రోజు కలుపుకోవాలి, పది నిమిషాలు తడిగా ఉండనిచ్చి తర్వాత మంచినీళ్ళతో తుడవాలి. బాత్రూమ్ యాసిడ్‌తో మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది. చిరిగిన మ్యాట్ ముక్కలు తీసెయ్యండి, ఆ చీలికల్లోకి ఏ మందూ చేరదు.

జ్వరం వచ్చినా, ఎరుపు గంట గంటకీ పాకుతున్నా, కీలు కదపలేకపోతున్నా ఓపీ టైము దాకా ఆగకుండా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి తీసుకెళ్ళిపోండి.

పాత_డిఫెండర్:
మేడమ్, రామ్స్ వాళ్ళ ముక్కుల్లో ఒక్కటీ దొరకలేదన్నది నాకు తెలీదు. అలాగైతే టెస్టు మాట వెనక్కి తీసుకుంటున్నా. కోచ్ అన్నా, మ్యాట్ కడిగేరోజు చెప్పు, మా పాత బ్యాచ్ వాళ్ళని తీసుకొస్తాను.

గాజువాక_కోచ్:
అందరికీ చాలా థాంక్స్. మిగతా ఇద్దరిలో ఒకడికి ఇంకా చీము కారుతోంది, రేపే కల్చర్‌కి పంపిస్తున్నాను. తమ్ముడూ, ఆదివారం పొద్దున్నే రండి. ఒక్క డౌటు మేడమ్. మాకు దగ్గర్లో టోర్నమెంట్ ఉంది. ఆ చీము కారుతున్న పిల్లాడు గట్టిగా కట్టు కట్టుకుని ఆడతానంటున్నాడు. ఎప్పుడు దించొచ్చు?

ల్యాబ్_మేడమ్:
చీము కారుతుండగా ఎంత గట్టిగా కట్టినా వద్దండి. అమెరికా కాలేజీ కుస్తీ పోటీల్లో పాటించే నియమం మీ ఆటకీ బాగా సరిపోతుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టి 72 గంటలు పూర్తవ్వాలి, ఆఖరి 48 గంటల్లో కొత్త పొక్కు ఏదీ లేవకూడదు, ఉన్న పుండు తడి లేకుండా ఆరిపోయి ఉండాలి. మూడూ కుదిరితే, చూసిన డాక్టరు సరేనంటే దించండి. అంతవరకూ వాడు విడిగా పరుగు, స్కిప్పింగ్ చేసుకోవచ్చు, ఎవర్నీ తాకే పని లేదు కాబట్టి. తొడ గడ్డ కుర్రాడికి పుండు మానిపోయి ఉంటే వాడిని ఈరోజే ప్రాక్టీసుకి రమ్మనండి, మిగతా కుర్రాళ్ళందరి ముందూ పిలవండి.